తాతారావు మేలుకుని విన్న కథ

ఆ ఉదయం తాతారావు వేసుకున్న పథకంలో పెద్ద కష్టమేమీ లేదు. అబిడ్స్‌లోని ఆఫీసుకు వచ్చి, జీపీఓ వెనక సందులోంచి ఇడ్లీ తెప్పించుకుని తినడం. తిన్నాక రచయిత వెంకటనర్సయ్య ఫోన్ చేసి కథ చెబుతుంటే వినడం. ఇడ్లీ వరకూ ఢోకా లేదు. కథ వినడం దగ్గరే వస్తుంది చిక్కంతా.

తాతారావు సినిమా నిర్మాత. తోటి నిర్మాతలందరూ ఏనాడో ఫిల్మ్‌నగర్‌కు ఎగిరిపోయినా, ఆయన మాత్రం అబిడ్స్‌లో మామగారి భవనం మూడో అంతస్తు గదినే పట్టుకుని వేలాడుతున్నాడు. మనిషి మంచివాడు, చెయ్యి పెద్దది, ఒక్కటే లోపం: కథ వింటే నిద్రపోతాడు. "సార్, ఓపెన్ చేస్తే..." అని ఎవరైనా మొదలుపెట్టారా, రెప్పలు బరువెక్కుతాయి. "కట్ చేస్తే..." అనేసరికి గురక. పరిశ్రమలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. చివరి సినిమా కథనూ అలాగే విన్నాడు. అదేం కథో విడుదల రోజున థియేటర్లో ప్రేక్షకులతో పాటే తెలుసుకుని, ఇంటర్వెల్‌లో వాళ్ళతో పాటే బయటికి వచ్చేశాడు.

ఆ దెబ్బతో భార్య బుజ్జమ్మకు ఓపిక నశించింది. "మా నాన్న ఈ గది ఇచ్చింది మీరు సినిమాలు తీస్తారని, కునుకు తీస్తారని కాదు. హీరో డేట్లు తెచ్చి చూపిస్తే సరే. లేదంటే జగదీష్ మార్కెట్ సేటుకు కిరాయికి ఇచ్చేస్తాను, సెల్‌ఫోన్ కవర్లు పెట్టుకుంటాడు" అని తెగేసి చెప్పింది. చెప్పి ఊరుకుందా? నిన్న ఆ సేటు టేపు పట్టుకుని రానేవచ్చి, సినిమా పోస్టర్ల మీదుగానే గోడలు కొలిచి వెళ్ళాడు. తన మొదటి సినిమా హీరోయిన్ నుదుటి మీద సేటు పెన్సిల్‌తో గీసిన గీతను తాతారావు కండువాతో తుడిచి చూశాడు, పోలేదు. ఈ గది పోతే ఇక తను నిర్మాత కాదు, వట్టి బుజ్జమ్మ మొగుడు.

మిగిలింది ఒకే ఒక్క ఆశ. వరసగా హిట్లు కొడుతున్న హీరో భూపాల్ ఎవరి పెళ్ళిలోనో కలిసి, "మంచి కథ ఉంటే రాండి సార్" అన్నాడు. కథ అంటే వెంకటనర్సయ్యే రాయాలి. రాసింది తాతారావే వినాలి. వినాలంటే మేలుకోవాలి.

ఈ చిక్కును కూతురు అలేఖ్య చిటికెలో విప్పేసింది. ఆ పిల్ల కంప్యూటర్లలో పుట్టి పెరిగినట్టే ఉంటుంది. తండ్రి గొంతు రికార్డు చేసి, ఫోన్‌లో ఏదో యాప్‌కు నేర్పించింది. "నాన్నా, ఇది అచ్చం నీలాగే మాట్లాడుతుంది. కథ వింటుంది, మధ్యమధ్యలో ఊఁ కొడుతుంది, నువ్వు ఎప్పుడూ అనే మాటలు కూడా అంటుంది. అయ్యాక కథంతా క్లుప్తంగా రాసిస్తుంది. నువ్వు హాయిగా పడుకో."

"నేను ఎప్పుడూ ఏమంటానే?"

"సెకండాఫ్‌లో తల్లి సెంటిమెంటు పెంచమంటావు."

తాతారావు ఆనందానికి హద్దు లేదు. ఆ ఊపులో, "కథ నచ్చితే నన్ను లేపక్కర్లేదు, తిన్నగా హీరో మేనేజర్‌కి మెసేజ్ కొట్టేయమను!" అని రాజులా ఆజ్ఞాపించాడు. అలేఖ్య అది కూడా పెట్టేసింది.

వెంకటనర్సయ్య ఫోన్ రానే వచ్చింది. తాతారావు యాప్ నొక్కి, ఫోన్‌ను ఇడ్లీ ప్లేటు పక్కన పడుకోబెట్టి, తనూ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన నిద్ర లేచేసరికి ఎండ బల్ల మీదికి వచ్చింది. ఫోన్ పెనంలా కాలిపోతోంది. కాల్ ఎప్పుడో అయిపోయింది కానీ మిస్డ్ కాల్స్ మాత్రం పుట్టలోంచి చీమల్లా వస్తూనే ఉన్నాయి.

మొదట పట్టుకున్నవాడు శ్యామ్‌సుందర్, హీరో భూపాల్ మేనేజర్. "సార్, మీ మెసేజ్ చూసి బాబు పరేషాన్ అయిండు! నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌ల షూటింగ్ నడుస్తుంది. లంచ్ బ్రేక్‌ల కారవాన్‌కు రమ్మన్నడు. రైటర్‌ను తోల్కొని జల్ది రాండి."

ఏ మెసేజ్? తాతారావు గబగబా ఫోన్‌లో వెతికాడు. దొరికింది. "భూపాల్ బాబుగారికి, ఈ జన్మలో ఇలాంటి కథ వినలేదు. రెప్ప వాల్చకుండా విన్నాను. క్లైమాక్స్ రెండుసార్లు చెప్పించుకుని రెండుసార్లూ ఏడ్చాను. సెకండాఫ్‌లో తల్లి సెంటిమెంటు కూడా సరిపోయింది. మీ తాతారావు."

అంతే, పరిశ్రమంతా గుప్పుమంది. కథ బాగుందన్నందుకు కాదు. కథ బాగుందని రోజూ ఎవడో ఒకడు అంటూనే ఉంటాడు. తాతారావు మేలుకున్నాడట! ఆ ఒక్క ముక్క ఫిల్మ్‌నగర్‌లో గిరగిరా తిరిగింది. పదేళ్ళుగా నమస్కారానికి బదులు నమస్కారం పెట్టని నిర్మాత ఫోన్ చేసి, తననూ భాగస్వామిగా చేర్చుకోమన్నాడు. చెన్నై నుంచి ఎవరో తమిళంలో హక్కులు అడిగారు. ఒక సంగీత దర్శకుడు "క్లైమాక్స్ ఏడుపుకి" అంటూ అప్పుడే ఓ ట్యూను పాడి పంపించాడు. ఒక విలేకరి అయితే, "ఏ మందు వాడారు సార్?" అని అడిగాడు.

నిజం చెప్పాల్సిన మనిషి అప్పుడే చెప్పాలి. కానీ ఇన్నేళ్ళుగా తనను చూసి నవ్విన ఊరు ఇవాళ తన ముందు చేతులు కట్టుకుంటుంటే ఎవడు చెబుతాడండీ? "కళాఖండానికి మందెందుకయ్యా!" అని గుటుక్కున అబద్ధమాడేశాడు. ఆ తర్వాత మాత్రం కూతురి మీద పడ్డాడు. "ఏదే ఆ క్లుప్తంగా రాసిచ్చేది? కథేంటే?"

"మీరు మాట్లాడుకున్నది భారతమంత ఉంది నాన్నా. ఇంకా లోడవుతోంది. అయినా నర్సయ్య బాబాయ్ నోటితోనే చెబుతాడుగా, నీకెందుకు కంగారు?"

నిజమే. చెప్పేది వెంకటనర్సయ్య. తను పక్కన కూర్చుని తలాడిస్తే చాలు. తాతారావు గుండె కాస్త కుదుటపడింది.

వెంకటనర్సయ్యది జనగామ వైపు. ఒకప్పుడు గొంతెత్తి కథ చెబుతుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగేవాళ్ళు. నాంపల్లి స్టేషన్ వెనక గదిలో ఉంటాడు. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకు వచ్చేసరికి తాతారావు ఎదురెళ్ళి కౌగిలించుకున్నాడు.

"ఏం కథయ్యా నర్సయ్యా! ఏం కథ! రెప్ప వాల్చలేదంటే నమ్ము."

"గంతనా అన్నా? నువ్వు నిజంగ పండలేదా?" వెంకటనర్సయ్య మొహంలో సంతోషమో అనుమానమో తెలియని రంగు ఒకటి వచ్చింది. "ఏ సీను బాగ నచ్చింది నీకు?"

తాతారావు ఆయన భుజం తట్టాడు. "ఒకటని ఎలా చెప్పను? అన్నీ. నీ గొంతులో ఆ వణుకుంది చూడు, అది ప్రాణం."

"వణుకా? ఔ... జర జలుబు చేసింది."

ఇద్దరూ ఆటో ఎక్కారు. అబిడ్స్ నుంచి నాంపల్లి ఎంత దూరమని! కానీ ఆ కాస్త దూరంలోనే తాతారావు తన జీవితంలోకెల్లా తెలివైన ప్రయత్నం ఒకటి చేశాడు. "నర్సయ్యా, ఒక్కసారి ఓపెనింగ్ అనుకుందామా? నీ నోట మళ్ళీ వినాలని ఉంది."

"నాదేముందన్నా, నువ్వే చెప్పు. నువ్వు ఎట్ల విన్నవో తెలుస్తది."

"నువ్వు చెప్పినట్టు నేను చెప్పగలనా?"

"నువ్వు విన్నట్టు నేను విన్ననా?"

"పోనీ హీరో పేరు... ఏదో భలే పేరు పెట్టావే!"

"ఔ, భలే పేరు. నీకు యాదికుందా లేదా అని చూస్తున్న. చెప్పు."

"నాకు గుర్తులేకపోవడమేమిటి! నీకు గుర్తుందా అని!"

ముందు నుంచి ఆటోవాలా విసుగ్గా తల తిప్పాడు. "అన్నా, మీ ఇద్దరిల ఎవ్వరికి ఎర్క లేదు గని, జర సప్పుడు చేయకుండ్రి. గీడ ట్రాఫిక్ చూడుండ్రి ఎట్లుందో."

ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గేటు దగ్గర దిగుతుండగా అలేఖ్య ఫోన్ చేసింది. "నాన్నా, స్పీకర్ పెట్టు. బాబాయ్ కూడా వినాలి. కొంప మునిగింది."

తాతారావు స్పీకర్ పెట్టాడు.

"నీకు పెట్టినట్టే బాబాయ్ ఫోన్‌లోనూ యాప్ నేనే పెట్టాను. ఆయన గొంతుతో కథ చెప్పేది. ఒకరి సంగతి ఒకరికి చెప్పొద్దని ఇద్దరూ నా చేత ఒట్టేయించుకున్నారు. బాబాయ్ వేరే నిర్మాతలకు వాడతాడనుకున్నాను గానీ, మీరు ఒకరి మీద ఒకరు వాడతారని నాకేం తెలుసు? ఇప్పుడే చూశాను, పొద్దున్నంతా మాట్లాడుకున్నవి ఆ రెండు మిషన్లే! అది చెప్పింది, ఇది ఏడ్చింది!"

గేటు దగ్గర ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తాతారావుకు ముందు కోపం వచ్చింది. కానీ కోప్పడే హక్కు తనకు ఏ మూలనా కనబడలేదు.

"ఏంటయ్యా నర్సయ్యా ఇది?"

వెంకటనర్సయ్య తల దించుకున్నాడు. "రాస్త అని కూసుంటే రాత రాలేదన్నా. ఎన్నో నెలల సంది ఒక్క సీను పుట్టలే. నీకు చెప్పనీకి సిగ్గయింది. నా పాత కథలన్ని దానికి తినిపిచ్చి, నా లెక్క ఇంకోటి చెప్పమన్న. ఏం చెప్పిందో నేను సుత వినలే." ఆగి, నెమ్మదిగా అడిగాడు. "నువ్వేం చేస్తున్నవ్ అప్పుడు?"

"పడుకున్నాను" అన్నాడు తాతారావు. ఆ మాట అంటుంటే ఆయనకు నిజంగానే సిగ్గేసింది. ఇన్నేళ్ళ స్నేహితుడు తనకు కథ చెప్పడానికి మిషన్ పెట్టుకున్నాడంటే ఆ పాపంలో సగం తన గురకదే.

"పోదాం పా అన్నా. కడుపుల నొప్పి అని చెప్పి ఎల్లిపోదాం."

వెళ్ళిపోయేవాళ్ళే. కానీ అప్పటికే శ్యామ్‌సుందర్ ఎదురొచ్చి ఇద్దరి చేతులూ పట్టేసుకున్నాడు. కారవాన్ మెట్ల దగ్గర ప్లాస్టిక్ బుట్ట పెట్టి ఉంది. భూపాల్ కథ వినేటప్పుడు లోపలికి ఫోన్ తీసుకెళ్ళకూడదు. కథ బయటికి పొక్కుతుందని భయం. శ్యామ్‌సుందర్ ఫోన్లు లాక్కుని బుట్టలో వేశాడు. సరిగ్గా అప్పుడే తాతారావు ఫోన్ టింగుమంది. తెర మీద "నాన్నా, కథ వచ్చేసింది! చదువుకో" అన్న అక్షరాలు వెలిగి, కారవాన్ తలుపు మూసుకోవడంతో అటే ఉండిపోయాయి.

లోపల ఏసీ గడ్డకట్టించేస్తోంది. అయినా తాతారావుకు చెమటలు కారుతున్నాయి. భూపాల్ సోఫాలో కాళ్ళు ముడుచుకుని, అన్నం కూడా పక్కన పెట్టేసి కూర్చున్నాడు.

"తాతారావు సార్‌ను మేల్కొలిపిన కథంట గదా! కానీయుండ్రి."

కిటికీలోంచి షూటింగ్ కోసం నిలబెట్టిన జెయింట్ వీల్ కనిపిస్తోంది. తాతారావు మనసులోకి టేపు పట్టుకున్న సేటు వచ్చి నిలబడ్డాడు.

"ఓపెన్ చేస్తే..." అన్నాడు వెంకటనర్సయ్య. అని, ఆగిపోయాడు.

"జెయింట్ వీల్" అనేశాడు తాతారావు, కిటికీ వంక చూస్తూ.

"ఔ! జెయింట్ వీల్. దాన్ని తిప్పేటోడే మన హీరో. రాజలింగం."

"ఆ రోజు ఎగ్జిబిషన్‌లో పెళ్ళిచూపులు. అమ్మాయి, పెళ్ళికొడుకు, అమ్మాయి వాళ్ళ నాన్న, ఓ ముసలమ్మ... అందరూ జెయింట్ వీల్ ఎక్కారు" అన్నాడు తాతారావు. ముసలమ్మ ఎందుకొచ్చిందో ఆయనకే తెలియదు.

"ఆ పిల్లంటే రాజలింగానికి పాణం" అందుకున్నాడు వెంకటనర్సయ్య. "గని ఆమె తండ్రి పొద్దుగాలే ఈన్ని నలుగుట్ల బేఇజ్జతి చేసిండు. వీళ్ళ డబ్బ మీదికి పోయింది. తడాఖ్, కరెంట్ బంద్!"

"ఆఁ! తర్వాత?" అని ముందుకు వంగాడు భూపాల్.

తర్వాత ఏమిటో వెంకటనర్సయ్యకు తోచలేదు. తాతారావు వైపు చూశాడు. తాతారావు పైకప్పు వైపు చూశాడు. "పైనుంచి ఒక చెప్పు పడింది. సరిగ్గా రాజలింగం నెత్తి మీద."

"ఎవరిదా చెప్పు?"

"అది అన్ననే చెప్పాలె" అంటూ వెంకటనర్సయ్య బాణం వెనక్కి తిప్పాడు.

"అమ్మాయి వాళ్ళ నాన్నది. ఆయన... ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్ ఇంజనీరు!"

వెంకటనర్సయ్య ఎగిరి లేచాడు. "అరె! కరెంట్ తెచ్చేటోడే మీద ఇరుక్కున్నడు!"

భూపాల్ పకపకా నవ్వాడు. శ్యామ్‌సుందర్ నవ్వాడు. ఆ నవ్వు వినేసరికి వెంకటనర్సయ్యకు ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది. ఇక కూర్చోలేదు. ఇంజనీరు పైనుంచి "ఎర్ర వైరు పట్టుకోరా!" అని అరుస్తాడు, రాజలింగం కింద నుంచి "పొద్దుగాల నన్నేమన్నవో వాపస్ తీస్కో, అప్పుడు పట్టుకుంట!" అంటాడు. వెంకటనర్సయ్య సోఫా ఎక్కి ఇంజనీరయ్యాడు, దిగి రాజలింగమయ్యాడు. తాతారావు ముసలమ్మయ్యాడు. అవును, కండువా నెత్తిన వేసుకుని మరీ అయ్యాడు. పైనున్న పిల్ల పల్లీల పొట్లం విప్పి, ఒక్కో పల్లీ కిందికి వేస్తుంది. పల్లీ పడ్డప్పుడల్లా రాజలింగం తలెత్తుతాడు. పెళ్ళికొడుకు కళ్ళు తిరిగి ముసలమ్మ ఒళ్ళో పడతాడు.

తాతారావు ఒక సంగతి గమనించాడు: తనకు నిద్ర రావడం లేదు. రావడమేమిటి, కళ్ళు ఇంతింతలు చేసుకుని నర్సయ్య నోటివంకే చూస్తున్నాడు. తర్వాత ఏమవుతుందో నిజంగా తెలియదు మరి! తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఇంత సంతోషం ఆయనకు మొదటి సినిమా తీసినప్పుడు కూడా కలగలేదు.

చివరికి కరెంటు రాలేదు. రాజలింగం చక్రానికి భుజం ఆనించాడు. గాజులమ్మే ఆమె వచ్చి చెయ్యి వేసింది, మిరపకాయ బజ్జీలతను వచ్చాడు, సోన్‌పాపిడి ముసలాయన వచ్చాడు. ఎగ్జిబిషన్ మొత్తం కలిసి చేతులతో తిప్పి, ఒక్కో డబ్బాలోంచి జనాన్ని దింపారు. ఆఖరి డబ్బా కిందికి వచ్చింది. అందరూ దిగారు. పిల్ల దిగలేదు.

"ఎందుకు దిగలేదు?" అని భూపాల్, శ్యామ్‌సుందర్, తాతారావు ముగ్గురూ ఒక్కసారే అడిగారు.

వెంకటనర్సయ్య గొంతు ఈసారి నిజంగానే వణికింది. "పక్క సీటు చూపిచ్చి అంటది, 'ఇన్నేండ్ల సంది అందర్ని తిప్పినవ్. నువ్వు ఒక్కసారన్న ఎక్కినవా? రా, కూసో.' కింద నిలబడ్డోళ్ళ చేతులన్ని మళ్ల చక్రం పట్టుకుంటయ్."

శ్యామ్‌సుందర్ కళ్ళు తుడుచుకున్నాడు. భూపాల్ లేచి ఇద్దరినీ గట్టిగా కౌగిలించుకున్నాడు. "డేట్లు ఇస్తున్న. ఇదే, ఏ మిషన్ రాయలేని కథ అంటే! మా డైరెక్టర్‌ను పిలుస్త, ముక్క పోకుంట ఇంకోసారి చెప్పుండ్రి."

ఇద్దరి పైప్రాణాలు పైనే పోయాయి. దర్శకుడు వచ్చి కూర్చున్నాడు.

"ఓపెన్ చేస్తే సత్యం అని..." అన్నాడు తాతారావు.

"రాజమల్లు" అన్నాడు వెంకటనర్సయ్య.

"పైనుంచి ఇంజనీరు గొడుగు పడింది."

"గొడుగు కాదన్నా, టిఫిన్ డబ్బ. ముసలామెది."

"ముసలమ్మ ఎక్కిందా అసలు?"

ఎంత తన్నుకున్నా అతకలేదు. రెక్కలొచ్చినట్టు నోటికొచ్చిన కథ, వచ్చినంత వేగంగానూ ఎగిరిపోయింది. సరిగ్గా ఆ కాసేపే ఏ మిషనూ దగ్గర లేదు. రాసినవాడు లేడు, రికార్డు చేసినవాడు లేడు. తాతారావుకు ఏడుపొచ్చినంత పనైంది.

"మీరు అలసిపోయిన్రు సార్. నాకు మొత్తం యాదికుంది, నేను చెప్త" అని భూపాల్ చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఓపెన్ చేస్తే, నేను. కట్ చేస్తే, మళ్ల నేను. జెయింట్ వీల్ స్పీడ్‌గ తిరుగుతది. ఒంటిచేత్తో ఆపుత. మీద ఇంటర్నేషనల్ విలన్."

"ఇంజనీరు?" అన్నాడు తాతారావు నీరసంగా.

"గాయ్నే విలన్."

"మరి ఆ చెప్పు?"

"చెప్పు నాదే సార్. కింద నుంచి ఇసురుత, సీద విలన్ మొకాన పడ్తది. ఇంటర్వెల్!"

శ్యామ్‌సుందర్ చప్పట్లు కొట్టాడు. దర్శకుడు కొట్టాడు. గోడ మీద పెన్సిల్ గీత తలుచుకుని తాతారావు కూడా కొట్టాడు. సాయంత్రానికి డేట్ల కాగితం, బుట్టలోని ఫోన్ కూడా చేతిలో పడ్డాయి. ఫోన్‌లో వార్త విన్న బుజ్జమ్మ, "సేటుకి వద్దని చెప్పేస్తాలెండి. ఇంటికి త్వరగా రండి, పులిహోర చేస్తున్నాను" అంది. ఆ గొంతులో ఆ మెత్తదనం తాతారావు విని చాలాకాలమైంది.

ఆ తర్వాత ఇద్దరూ అలేఖ్య పంపిన కథ చదివారు. పొద్దుట మిషన్ చెప్పగా మిషన్ ఏడ్చిన ఆ కళాఖండం, పేర్లతో సహా, తాము ఇద్దరూ కలిసి తీసి మునిగిన పోయినసారి సినిమానే!

వెంకటనర్సయ్య మైదానంలో కింద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. తాతారావు నవ్వబోయి ఆగాడు. "మన కథ పోయిందయ్యా నర్సయ్యా. ఆ పిల్ల ఏదో అంది కదా చివర్న, పక్క సీటు చూపించి... ఏమంది?"

"యాదికి లేదన్నా. పోతే పోనీ. నువ్వు గిట్లనే మేల్కొని కూసుంటే ఇంకోటి చెప్త." ఆయన చొక్కా దులుపుకున్నాడు. "నాంపల్లి స్టేషన్ల ఒక కూలి ఉంటడు..."

"ఆఁ, చెప్పు" అని తాతారావు దగ్గరికి జరిగాడు.

ఇప్పుడు అబిడ్స్ గోడల నిండా ఆ సినిమా పోస్టర్లే: కథ, మాటలు, హీరో... అన్నీ భూపాల్. కథంతా తన బుర్రలోంచే పుట్టిందనీ, దాన్ని ఏ మిషనూ ముట్టుకోలేదనీ భూపాల్ ఇంటర్వ్యూల్లో గట్టిగా చెబుతున్నాడు. అందులో సగం నిజమే.